పండుగప్పకు తిండి నేర్పిన మనిషి

మా జువాలజీ ల్యాబ్ అటెండరు మొన్న మంగళవారం కొల్లేటి లంకలో తన సొంత ఊళ్లో పోయారు. వాళ్ల తమ్ముడు ఏలూరు వచ్చి, కాలేజీ గేటు దగ్గరే నిలబడి కబురు చెప్పాడు. "అన్నయ్య వెళ్లిపోయాడండీ. మీకు తప్పకుండా చెప్పమన్నాడండీ" అన్నాడు. నాకే ఎందుకు చెప్పమన్నారో నాకు తెలుసు. ఇది చదివేవారికీ తెలియాలి.

ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అయినా బతికున్నన్నాళ్లూ నేను 'నువ్వు' అనే పిలిచాను. పోయాక 'ఆయన' అని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, యూనివర్సిటీ కమిటీ వస్తోందని మా హెడ్డు గారు ఉప్పుటేరు నుంచి ఒక పండుగప్ప చేపపిల్లను తెప్పించి గాజు తొట్టిలో వేయించారు. ఉప్పునీళ్లు కూడా డబ్బాలతో అక్కడినుంచే. అది బతికున్న రొయ్యపిల్లను తప్ప ఇంకేదీ ముట్టదు. వేసవికి కాలవలకు నీళ్లు కట్టేస్తే బతికిన రొయ్య ఎక్కడినుంచి తెస్తాం? అందుకని గుడ్డు, ఎండురొయ్యల పొడి, గోధుమపిండి కలిపి ఆవిరి మీద ఉడికించిన ఉండలు అలవాటు చెయ్యమన్నారు. "అది తింటే నీ ఉద్యోగం పర్మనెంటు. చస్తే ఒకటో తారీకు నుంచి రాకు" అని అటెండరుతో చెప్పారు. దారికి వచ్చేదాకా చేపను మాడ్చమన్నదీ హెడ్డు గారే. అప్పట్లో నేను డిమాన్‌స్ట్రేటర్ని. కాపలా నాది.

ఐదు రోజులు మాడ్చాం. ఉండ వేస్తే నోట్లోకి తీసుకుని తుపుక్కున ఉమ్మేసేది. వీపు ఎండిపోయి తలకాయ ఒక్కటే మిగిలింది. ఆరో రోజు అటెండరు తడిగుడ్డలో రెండు బతికిన రొయ్యలు దాచి తెస్తుంటే పట్టుకున్నాను. కింద పడేసి చెప్పుకాలితో తొక్కాను. ఆయన కోప్పడలేదు.

"దీనిది పొగరు కాదండీ. కదలందాన్ని తిండని ఇది అనుకోదండి. మనమే చెప్పాలండి" అన్నారు.

ఆ చెప్పడం చూడాలి. నేను తొక్కిన రొయ్యనే దారానికి కట్టి, తొట్టిలోకి వదిలి, వేళ్లతో చిన్నగా కుదుపుతూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి అందుకుంది. మర్నాడు రొయ్య పొట్టలో ఉండ ముక్క దూర్చారు. ఇంకో నాలుగు రోజులకు రొయ్య తోక ఒక్కటే, మిగతాదంతా ఉండ. చివరికి రొయ్యా లేదు, దారమూ లేదు. నీళ్లలో వేళ్లు ఆడిస్తే చాలు, వచ్చి వేళ్ల మధ్యనుంచే తినేది. "రామ్మా, బువ్వ తిను" అనేవారు, ఎవరూ లేరనుకుని. వెనకనుంచి నేను నవ్వేవాణ్ణి. ఈనాటికీ క్లాసులో నేను చెప్పే పాఠం అదే. ఆయన సంగతి ఎత్తకుండా ఇన్నాళ్లూ నాదిగానే చెప్పుకున్నాను.

కమిటీ వచ్చింది, చూసింది, హెడ్డు గారిని మెచ్చుకుని వెళ్లింది.

తరువాతి వారం ప్రాక్టికల్ పరీక్ష. కోతకు తెప్పించిన చేపల్లో ఒకటి తక్కువైంది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు గారు గడియారం చూసుకుంటున్నారు. నేను తొట్టి వైపు చెయ్యి చూపించాను.

"ఏవండీ, సైకిలు మీద బజారుకెళ్లి ఏదో ఒకటి పట్టుకొచ్చేస్తానండీ. పావుగంటండి."

"నీ పర్మనెంటు ఆర్డరు మీద ఇంకా సంతకం పడలేదు" అన్నాను.

పావుగంట ఆగితే ఏ కొంపా మునిగేది కాదు. ఆగమన్నది అటెండరు కాబట్టి ఆగలేదు.

వల ఇస్తే ఆయన తీసుకోలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్లలో వేళ్లు ఆడించారు. అది మూలనుంచి నోరు తెరుచుకుని వచ్చింది. ఆయన ఉండ పెట్టారు. మింగేదాకా ఆగారు. అప్పుడు రెండో చేత్తో పట్టుకున్నారు.