హీరాకు ఇవ్వని బంతి

నేను ఒకసారి ‘లెవ్వు’ అన్నాను. ఆ ఒక్క మాటను కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఏడుపు తెప్పించే బరువు కాదు. కాలు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. ఉందని తెలుస్తుంది, నొప్పి తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. మీ పేరు నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా సంగతి. సూరత్‌ అడాజన్‌లో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ కట్టినప్పుడు మొదట దిగిన కుటుంబం మాదే. బట్టల మిల్లులో సూపర్‌వైజరుగా చేసి మానేశాను. నన్ను ఎవరైనా చిన్నబుచ్చితే మరిచిపోను. నీళ్ల ట్యాంకు గురించి, అడ్డంగా పెట్టే స్కూటర్ల గురించి, మెట్ల మీద గ్యాస్ సిలిండర్ పెట్టుకున్న పై అంతస్తు వాళ్ల గురించి, అన్నిటి గురించీ ఫిర్యాదు చేశాను. నిప్పంటుకుంటే అందరం పోతామని కమిటీ ముందు అరిచి, ఆ సిలిండర్ తీయించేదాకా ఊరుకోలేదు. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

నర్సింగ్ మా కింది అంతస్తులో ఉంటాడు. మావాడే. కరీంనగర్ దిక్కు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ల కొడుకు. ఇక్కడే పుట్టి పోలీసు కుక్కల దళంలో చేరాడు. హీరా అతని కుక్క, బాంబుల వాసన పట్టే లాబ్రడార్. దాని పని అయిపోయాక పై అధికారులను బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికి అతనూ రిటైరయ్యాడు.

ఆ ఏడు ఆగస్టు పదిహేనున జెండా దగ్గర హీరాకు దండ వేశారు. నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టారు. కుక్కకు దండ, నాకు వెనక కుర్చీ. మీకు నవ్వొస్తుందేమో. నాకు ఇప్పటికీ రాదు.

ఆ రోజే నర్సింగ్ దాని పని ఎట్లా ఉంటుందో అందరికీ చెప్పాడు. పేలుడు మందు వాసన తగిలితే హీరా మొరగదు, గీరదు. గీరితే పేలిపోవచ్చు. దాని ముందు కదలకుండా కూర్చుంటుంది, అంతే. అప్పుడు అతను జేబులోంచి ఎర్ర బంతి తీసి ఇస్తాడు. దానికి జీతం ఆ బంతే. కనిపెట్టకుండా ఇవ్వకూడదు. కనిపెడితే ఇవ్వకుండా ఉండకూడదు. అది కూర్చోకుండా దాటిపోయిన చోట తాను కళ్లు మూసుకుని అడుగు పెట్టేవాణ్నని చెప్పాడు. చెబుతూ దాని చెవి నిమిరాడు.

ఆ దీపావళికి సూరత్ దగ్గరి కిమ్‌లో మా బావమరిది పటాకుల దుకాణం పెట్టాడు. మిగిలిన పెట్టెలను తెచ్చి మా మంచం కింద తోశాను. అవును, సిలిండర్ మీద అంత గొడవ చేసిన నేనే.

నర్సింగ్ పొద్దున పూట హీరాను మేడ మీదికి తీసుకువెళ్లేవాడు. దారిలో మా తలుపు. ఒక రోజు అది తలుపు ముందు ఆగింది. కింద సందులో ముక్కు పెట్టింది. కూర్చుంది. ఎదురింటి గుజరాతీ పిల్లవాడు, “క్యా కాకా, బమ్ రఖా హై క్యా?” అని, ఇంట్లో బాంబు పెట్టావా అన్నట్టు నవ్వుతూ దిగిపోయాడు. నర్సింగ్ నవ్వలేదు. అతని చెయ్యి అప్పటికే జేబులో ఉంది.

“అన్నా, ఏమనుకోకు. ఇంట్ల పటాకులు గిట్ల ఏమన్న ఉన్నయా? ఇది ఊరికె కూసోదు.”

“ఏం లెవ్వు. నీ కుక్క కూసుంటె నేను దొంగనైతనా?”

“అట్లంటలేనన్నా. ఉంటే ఉన్నయను. ఎవ్వలకు చెప్ప. దానికి బంతియ్యాలె, గంతే.”

“లెవ్వన్న గద. ముసల్దైంది, ముక్కు పోయింది దానికి. నీకే తెలుస్తలేదు.”

నర్సింగ్ నా మొహం చూశాడు. తరువాత హీరాను చూశాడు. “గంతేనేమో అన్నా,” అన్నాడు. జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

ఆ క్షణంలో నేనేమనుకున్నాను? దండ గుర్తొచ్చింది. బాగైంది అనుకున్నాను. భయపడ్డాను కూడా, కాని భయం కన్నా అదే ముందు వచ్చింది, ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికే చాలా కాలం పట్టింది.

అతను పట్టీ లాగాడు. హీరా లేవలేదు. అతని మొహం చూసింది, తలుపు చూసింది. సరిగ్గా కనిపించలేదేమోనన్నట్టు ఇంకాస్త నిటారుగా కూర్చుంది. “నై హీరా,” అన్నాడు అతను. లాక్కుపోయాడు.

మరునాడూ కూర్చుంది. ఆ తరువాతా. ప్రతిసారీ నై అన్నాడు.

కొన్నాళ్లకు అది మా తలుపు దగ్గర ఆగడం మానేసింది. బదులుగా ఎక్కడ పడితే అక్కడ కూర్చోసాగింది. స్కూటరు ముందు, పాలవాడి డబ్బా ముందు, ఉత్త గోడ ముందు. కూర్చుని నర్సింగ్ జేబు చూసేది. ఏది సరైనదో, ఏది కాదో దానికి తెలియకుండా పోయింది. సొసైటీలో అందరూ దానికి మతి పోయిందన్నారు. నేను అన్న మాట నిజమైపోయింది. పెట్టెలు నిజంగా లేకపోయినా ఇట్లాగే అయ్యేదా? వయసు మీద పడింది కదా? ఇట్లా చాలాసార్లు అడిగి చూసుకున్నాను. కుదరలేదు.

వానాకాలంలో హీరా తిండి మానేసి చనిపోయింది. ఆటోలోకి ఎక్కించడానికి నేను గేటు తీసి పట్టుకున్నాను. దుప్పటి కింద అది ఇంత చిన్నదా అనిపించింది. దాని ముక్కు పోయిందని తనకన్నా ముందు నేనే గుర్తుపట్టానని నర్సింగ్ నాతో అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అన్నేళ్లు దాని వెనక నడిచినవాడు, నా మాట నమ్మి దాన్ని నమ్మడం మానేశాడు. బంతి దానితో పెట్టలేదు. కనిపెట్టకుండా ఇవ్వకూడదు కదా.

మరుసటి దీపావళికి ఆ పెట్టెలు మళ్లీ కిమ్ వెళ్లాయి. బాగానే పేలాయట.

నర్సింగ్ ఇప్పటికీ కిందే ఉంటాడు. అతని కిటికీ చువ్వల మధ్య ఆ ఎర్ర బంతి ఉంటుంది. దిగేటప్పుడు కనబడుతుంది, ఎక్కేటప్పుడూ కనబడుతుంది. ఉంటే ఉన్నయను అన్నాడు. ఎవ్వలకు చెప్ప అన్నాడు. అంత సులువు చేసి అడిగాడు.

అతనికి చెప్పగలనో లేదో తెలియదు. క్షమిస్తాడని అనుకోను, అడగను. ఆ రోజు అతనితో అనాల్సిన మాట మీకు మాత్రం చెబుతున్నాను. ఉన్నాయి. మంచం కింద ఉన్నాయి. హీరా సరిగ్గానే కూర్చుంది.