రూతమ్మగారి బూడిదరంగు పెట్ట

షుగరు వచ్చినప్పటి నుంచి నేను కొర్రన్నం తింటున్నాను. మొన్న నానబోసిన కొర్రలు ఆ పూట వండటం కుదరక, మర్నాడు గిన్నె మీద మూత తీశాను. గింజ గింజకీ సూదిమొనంత తెల్లటి మొలక వచ్చింది. పచ్చిగడ్డి వాసన, కాస్త పులిసిన వాసన కలిసి ముఖానికి తగిలాయి. పారబోద్దామని తీసిన గిన్నెను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దాదాపు నలభై ఏళ్ళ కిందట రూతమ్మగారి వసారాలోకి అడుగుపెడితే ముందుగా వచ్చే వాసన అదే.

అప్పుడు మేం చిలకలూరిపేటలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన జిన్నింగు మిల్లులో గుమాస్తా. మా ఇంటికీ రూతమ్మగారి ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆవిడ మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయి చాలాకాలమైంది. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ తెల్లచీరలో ఉండేవారు. నవ్వగా నేను చూసింది తక్కువ. వసారా పొడుగునా తీగ వల బిగించిన పంజరాలుండేవి. వాటిల్లో జనం లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న చిలకలు. ఆవిడ మాత్రం పట్టుగా బడ్జీలు అనేవారు. ఎవరైనా లవ్‌బర్డ్స్ అంటే, "అవి వేరు, ఇవి వేరు" అని దిద్దేవారు.

నాకు పంతొమ్మిదో ఏట పెళ్ళయింది. ఏడాది తిరక్కుండా ఐదో నెల గర్భం పోయింది. వానాకాలం. తొమ్మిదో రోజున నేను పెరట్లో బట్టలు ఉతుకుతుంటే గోడ మీద నుంచి ఆవిడ మాట వినిపించింది.

"ఎన్ని రోజులైందమ్మాయ్?"

"తొమ్మిది రోజులండీ."

మర్నాడు ఆవిడ మా ఇంటికొచ్చి, "గింజలు చెరగడానికి మనిషి లేదు. మీ కోడల్ని పొద్దున పూట రెండు గంటలు పంపిస్తారా?" అని మా అత్తయ్యని అడిగారు. పెద్దామె అడిగిందని అత్తయ్య కాదనలేకపోయింది. వెళితే నా ముందు ఒక చేట, చేటలో గుప్పెడు కొర్రలు పెట్టారు. ఆ గుప్పెడు చెరగడానికి రెండు గంటలెందుకో నాకప్పుడు అర్థం కాలేదు. పని పేరు చెప్పి నన్ను కూర్చోబెట్టారని చాలా రోజులకి గాని తెలియలేదు.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో మద్రాసు నుంచి రైల్లో ఒక చెక్కపెట్టె వచ్చింది. ఆవిడతో పనిచేసిన ముసలి డాక్టరుగారు అక్కడ పోటీలకు పెట్టే బడ్జీలను పెంచేవారట. ఆయన పోయాక వాళ్ళావిడ, ఇవి నీ చేతిలోనైతే బతుకుతాయని ఉత్తరం రాసి ఆరు పిట్టల్ని పంపించింది. మన దగ్గర సంతలో దొరికే వాటికి రెట్టింపు ఉన్నాయి. పెద్ద తల, కళ్ళ మీదికి దిగిన ఈకలు, మెడ కింద నల్లటి గుండ్రటి చుక్కలు. వాటిల్లో ఒక బూడిదరంగు పెట్ట ఉంది. డాక్టరుగారు ఇరవై ఏళ్ళు ఏరి ఏరి నిలబెట్టిన రంగుకి మిగిలింది ఆ ఒక్కటే.

"జత ఎప్పుడు కలుపుతారండీ?" అని ఆ రోజే అడిగాను.

"ముందు బతకనీ. రైలు దిగొచ్చిన పిట్టకి పిల్లల మాటెందుకు?"

వాటిని నలభై రోజులు వెనక గదిలో విడిగా ఉంచారు. పాత పిట్టల దగ్గర్నుంచి వాటి దగ్గరికెళ్ళే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఒక్కొక్కదాన్నీ పిడికిట్లోకి తీసుకుని రొమ్ము ఎముక తడిమేవారు. నా వేలు కూడా పెట్టించారు. బూడిదరంగు పెట్టకి ఎముక కత్తి అంచులా తగిలింది. "ఇక్కడ కండ పట్టాలి. ఈకలు రాలడం ఆగాలి. రాలినచోట కొత్తవి పూర్తిగా రావాలి. అప్పటిదాకా దానికి గుడ్డు పెట్టే తాహతు లేదు" అన్నారు. నానబెట్టిన కొర్రలు, ఉడికించిన గుడ్డు చిదిమి కలిపిన రొట్టెపొడి, మునగాకు పెట్టేవాళ్ళం. గుడ్డు పెంకుకి సున్నం కావాలని, మూలికల కొట్లో దొరికే సముద్రపు నురుగు అనే తెల్లటి ఎముక ముక్కని తీగకి గుచ్చేవాళ్ళం. ముక్కు మొదట్లో ఉండే మెత్తటి చోటు పోతులకి నిగనిగలాడే నీలంగా, పెట్టలకి ముదురు గోధుమరంగుగా మారితే అదను దగ్గరపడుతున్నట్టు. అన్నీ కుదిరాక, తోక కింద ఈకలు కత్తెరతో కురచ చేసి, చిల్లుపెట్టిన కుండ పంజరంలో కట్టేవారు. కుండ చూడగానే పెట్ట గుడ్లకి సిద్ధపడుతుంది. అందుకే కుండ అన్నిటికంటే చివర.

నలభై రోజులూ నిండాయి. బూడిదరంగు పెట్టకి ముక్కు గోధుమరంగు తిరిగింది. కూర్చునే కర్రని కొరికి పొట్టు చేస్తోంది. సరిగ్గా అప్పుడే పొన్నూరులో ఆవిడ అక్కకి పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. వెళుతూ నాకు తాళం ఇచ్చి చెప్పారు.

"మేత, నీళ్ళు చూడు. కుండలు మాత్రం కట్టొద్దు. దానికింకా తోక ఈకలు రాలేదు. నేనొచ్చాక చూద్దాం."

నాలుగో రోజున నేను కుండ కట్టాను.

ఎందుకు కట్టానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆవిడ వచ్చేసరికి గుడ్లు చూపించి మెచ్చుకోలు పొందాలన్నది నిజమే. అసలు కారణం అది కాదు. అప్పటికి నాకు మళ్ళీ నెల తప్పింది. గర్భం పోయి మూడు నెలలు కాలేదు. అత్తయ్య సంతోషపడింది. నాకు మాత్రం లేస్తే కళ్ళు తిరిగేవి, నడిస్తే ఆయాసం వచ్చేది. భయమని ఎవరితో చెప్పను? ఆ పెట్ట గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తే నాకూ ఏమీ కాదని ఎందుకో అనిపించింది. ముక్కు రంగు ఒక్కటీ చూసుకుని, మిగతావన్నీ చూడనట్టు ఊరుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత ఉదయం వెళ్ళేసరికి పెట్ట పంజరం అడుగున కూర్చుని ఉంది. ఈకలన్నీ ఉబ్బరించుకుని, కళ్ళు సగం మూసుకుని, తోక కొట్టుకుంటోంది. బాగా చలిగా ఉంది. గోనెపట్టా కప్పడం తప్ప నాకేం చేయాలో తోచలేదు. పది గంటల బస్సుకి రూతమ్మగారు దిగారు. కుండ చూశారు. సంచి కింద పడేసి పెట్టని అరచేతిలోకి తీసుకున్నారు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టారు. తోక కింద ఆముదం రాశారు. వేలితో మెల్లమెల్లగా నిమిరారు. మధ్యాహ్నానికి అది ఆవిడ చేతిలోనే పోయింది.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దాని పొట్ట కోసి చూపించారు. లోపల గుడ్డు అడ్డం పడి ఉంది. పెంకు గట్టిపడక, తడికాగితంలా ఉంది. తర్వాత పుట్టినవీ పోయినవీ రాసుకునే పిట్టల పుస్తకం నా ముందు పెట్టి, "ఎలా పోయిందో రాయి" అన్నారు.

"చలికి చనిపోయింది" అని రాశాను.

ఆవిడ చదివి కొట్టేశారు. "చలి అన్నిటికీ ఉంది. ఏం జరిగిందో రాయి."

"కుండ ముందుగా కట్టాను" అని రాశాను. ఏడుపు ఆగలేదు. ఆవిడ నా గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పారు. కింది కనురెప్ప లాగి చూశారు.

"ఎన్నో నెల?"

"మూడు, రూతమ్మగారూ."

పెట్టని గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. తర్వాత తన కూతురు సలోమి గురించి చెప్పారు. మొదటి కాన్పుకే రక్తం బాగా పోయిందట. ఏడాదిలోపే మళ్ళీ కడుపు. "వద్దని చెప్పాల్సిన రోజు ఒకటి వచ్చింది. అల్లుడింటివాళ్ళ మాటకి అడ్డెళితే పిల్ల కాపురానికి ఇబ్బందని నోరు మూసుకున్నాను. వార్డులో అందరికీ చెప్పేదాన్ని. నా పిల్లకి చెప్పలేదు." సలోమి రెండో కాన్పులో పోయింది.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, నన్ను ఆసుపత్రిలో చూపించమన్నారు.

"మా కోడలి సంగతి మాకు తెలుసండీ" అంది అత్తయ్య.

"తెలిస్తే ఒకసారి ఆ రెప్ప లాగి చూడండి. రక్తం లేక సున్నంలా ఉంది."

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. "రేపు మిల్లుకి సెలవు పెడతాను. ఆసుపత్రికి తీసుకెళదాం" అన్నాడు. తల్లి ముందు ఆయన అలా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

సూదులు వేశారు, మందులిచ్చారు. రూతమ్మగారు రోజూ గోడ మీదుగా గుడ్డో, మునగాకు కూరో అందించేవారు. అయినా ఎనిమిదో నెలలో, మండుటెండల్లో కాన్పు వచ్చింది. ఆడపిల్ల. తొమ్మిది రోజులు బతికింది. నేను బతికానంటే ముందే ఆసుపత్రికి వచ్చాం కాబట్టేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ తొమ్మిది రోజులూ రూతమ్మగారు నా మంచం పక్కనే బెంచీ మీద ఉన్నారు.

ఇంటికొచ్చాక చుట్టాలు పరామర్శకి వచ్చారు. "పోనీలే, వచ్చే ఏటికి మగపిల్లాడే పుడతాడు" అంది అత్తయ్య. గోడ అవతల ఉన్న రూతమ్మగారు చుట్టు తిరిగి మా వాకిట్లోకి వచ్చారు.

"మూడేళ్ళు ఆగాలి. లేకపోతే ఈ పిల్ల దక్కదు."

"మా ఇంటి సంగతి చెప్పడానికి మీరెవరండీ?"

"నేను సలోమి తల్లిని" అన్నారు. నాకు చెప్పిందంతా అక్కడ అందరి ముందూ, నిలబడే చెప్పారు. తన తప్పు ఏమిటో కూడా చెప్పారు. కన్నీళ్ళు లేవు, గొంతు పెంచలేదు. అత్తయ్య ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడలేదు. కానీ మూడేళ్ళు మా ఇంట్లో ఎవరూ పిల్లల ఊసెత్తలేదు.

మిగతా పిట్టలు ఆ మరుసటి ఏడు పిల్లల్ని చేశాయి. ఆ బూడిదరంగు మాత్రం మళ్ళీ రాలేదు. పదో తరగతి పాసయ్యావు కదా అని పోరి, నాచేత నర్సమ్మ శిక్షణకి దరఖాస్తు పెట్టించింది కూడా రూతమ్మగారే. మా అబ్బాయి పుట్టడానికి నాలుగు నెలల ముందు ఆవిడ గుండెపోటుతో పోయారు. పిట్టల్ని ఎవరెవరో పట్టుకెళ్ళారు.

పర్చూరు, మార్టూరు వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళు ఏఎన్ఎమ్‌గా తిరిగాను. గడప గడపకీ ఎక్కి అత్తలకీ మామలకీ ఆగండని చెప్పాను. తిట్టినవాళ్ళున్నారు, విన్నవాళ్ళున్నారు. జనం నన్ను ధైర్యస్థురాలంటారు. ఒక ఇంట్లో మాత్రం నోరు పెగల్లేదు. మామగారు ఊళ్ళో పెద్ద రైతు, మా ఆరోగ్య ఉపకేంద్రానికి స్థలమిచ్చిన మనిషి. కోడలికి పద్దెనిమిదేళ్ళు, చంకలో ఎనిమిది నెలల బిడ్డ, మళ్ళీ నాలుగో నెల. రెప్ప లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని గట్టిగా చెప్పాల్సింది. వాళ్ళిచ్చిన కాఫీ తాగి, మాత్రల పొట్లం ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. మూడు నెలల తర్వాత ఆమె పోయిందని కబురు తెలిసింది.

ఆ పిల్ల పేరు నాగమణి. తెలిసి కూడా నేను చెప్పలేదు.