గాజులు తీసి వైద్యం చేసిన మేడం

మా ఫిజియో మేడం పోయారని నంద్యాల నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను ఆళ్లగడ్డ గ్రౌండులో సున్నంతో కబడ్డీ గీతలు వేయిస్తున్నాను. గుండెపోటట. నాకు ఏడుపు రాలేదు, ముందు కోపమొచ్చింది. పోవాల్సినవాళ్లు వేరే ఉన్నారు కదా అనిపించింది. చావు గురించి రాసేటప్పుడు ఇట్లా అనకూడదంటారు. అయినా అంటున్నాను.

మీరు ఆమెను ఎరగరు. ఆటల్లో తలకు దెబ్బ తగిలిన పిల్లలను మళ్లీ నిలబెట్టి, నడిపించి, పరిగెత్తించడం ఆమె పని. నేను వాళ్లలో ఒకదాన్ని.

హైస్కూల్లో ఉండగా ఒక కబడ్డీ మ్యాచ్‌లో నా తల నేలకు కొట్టుకుంది. కాళ్లూ చేతులూ బిగుసుకున్నాయట. మా వైపు ఎవరైనా అట్లా పడితే ఫిట్స్ అనుకుని చేతిలో ఇనుము పెడతారు. మా కోచ్ సారు తన తాళాల గుత్తి నా చేతిలో కుక్కి, ముఖాన నీళ్లు కొట్టాడు. నేను కళ్లు తెరవగానే గుత్తి పని చేసిందని అందరూ సంబరపడ్డారు. ఏం కాలేదు లెమ్మని సారు నన్ను మళ్లీ కోర్టులోకి తోశాడు. ఆ మ్యాచ్‌లోనే అదే తలకు ఇంకో దెబ్బ తగిలింది.

ఆ తర్వాత వెలుతురు చూడలేకపోయాను. బడి గంట వినపడితే వాంతి వచ్చేది. మా నాయన నా తలకు తువ్వాలు కప్పి, బస్సులో నంద్యాలకు తీసుకుపోయాడు. పెద్ద డాక్టరు స్కానింగ్ చూసి మేడం దగ్గరికి పంపాడు.

నన్ను ముట్టుకునే ముందు ఆమె గాజులు తీసి సొరుగులో పెట్టింది. ఆ చప్పుడు నాకు పడదని నేను చెప్పలేదు, ఆమే కనిపెట్టింది. మొగుడు బతికుండగా రోజూ గాజులు తీస్తాందని వాళ్లత్త సణిగేదట. మేడం వినిపించుకునేది కాదు. కర్టెన్లు దించి, తన బొటనవేలు నా కళ్ల ముందు అటూ ఇటూ మెల్లగా కదిలించేది. మెడ కండరాలు వేళ్లతో వదులు చేసేది. తల పక్కకు తిప్పుకుంటూ వరండాలో నడవమనేది. నేను తూలితే పట్టుకునేది గానీ అయ్యో అనేది కాదు. ఆ జాలి చూపు లేకపోవడం నాకు ఎంత హాయిగా ఉండేదో.

ఆమె ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. ఒకరోజు నేను సారును తిడుతూ ఏడిస్తే, పాస్టరు గారిలా క్షమించమంటుందని అనుకున్నాను.

"నేనైతే క్షమించలా పాపా," అంది. "దేవుడు క్షమిస్తే అది ఆయనిష్టం. నీ కోపం తీసేది నా పని కాదు, మెడ తిప్పించేది నా పని. తిప్పు."

నేను కాస్త కోలుకోగానే, జోన్ పోటీలున్నాయి, నన్ను పంపమని సారు ఆమె దగ్గరికి వచ్చాడు. మేడం మర్యాదగా తన తిరిగే స్టూలు మీద కూర్చోబెట్టింది. ఒక్క పరీక్ష చేసి చెప్తా సార్, కదలొద్దు అని, స్టూలు గిర్రున తిప్పింది. ఆయన వద్దు వద్దంటున్నా తిప్పింది. ఆపాక ఆయన లేచి గోడ పట్టుకున్నాడు.

"తల తిరుగుతాందా సార్? ఇప్పుడు పోయి కూత పెట్టు," అంది.

వాంతి వస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన బయటికి పోయాడు. నెలల తర్వాత నేను నవ్వింది ఆ రోజే.

ఆ సారే ఆమె భూస్థాపనకు వచ్చాడు. ఈ పాపను నేనూ మేడమూ కలిసి నిలబెట్టినాం అని నన్ను చూపించి నలుగురికీ చెప్పుకున్నాడు. అందరితో పాటు సమాధిలో పిడికెడు మన్ను వేశాడు. దిగి ఆ మన్ను ఏరి పారేయాలనిపించింది. పెట్టెలో ఆమె చేతులకు ఎవరో గాజులు వేశారు. వాటిని చూసినప్పుడు మాత్రం ఏడ్చాను.

మొన్న ఆళ్లగడ్డలో, నేను గీతలు వేయించే గ్రౌండులోనే పోటీలు జరిగాయి. సారు జట్టులో ఒక పాప పట్టులో పడి తల కొట్టుకుంది, బిగుసుకుపోయింది. ఆయన పరిగెత్తాడు. అదే గుత్తి, అవే నీళ్లు. ఆ పాప కళ్లు తెరిచింది. లెమ్మని రెక్క పట్టుకున్నాడు. నేను కోర్టులోకి పోయి ఆయన చెయ్యి విడిపించాను.

"ఈ పాప ఆడదు సార్."

"నువ్వెవరు చెప్పేదానికి?"

"ఫిజియో మేడం పేషెంటును."

పాప చేతిలోని గుత్తి తీసి నా దగ్గర పెట్టుకున్నాను. గ్రౌండంతా చూస్తోంది. పాప మెడ కదలకుండా పట్టుకుని, అంబులెన్సుకు ఫోన్ చేయించాను. నేను కూడా ఎక్కుతుంటే, సారు పరుగున వచ్చి తాళాలడిగాడు. ఆయన బండి తాళం కూడా ఆ గుత్తిలోనే ఉంది.

"ఉండనీ సార్. ఇది పని చేస్తుందంటివి కదా. పాపకు నయమైనాక ఇస్తా," అన్నాను.

గుత్తి గలగలమంటే ఆ పాప ముఖం చిట్లించింది. దాన్ని రుమాలులో గట్టిగా చుట్టి, చప్పుడు కాకుండా ఒళ్లో పెట్టుకున్నాను. తర్వాత నా గాజులు తీశాను. అంబులెన్సు నంద్యాల రోడ్డెక్కుతుంటే, వెనక అద్దంలోంచి, స్టాండు వేసిన బండి పక్కన, ఎర్రటి ఎండలో సారు నిలబడి కనిపించాడు.