మునిరత్నం, లోపలికి

బంగారు గనులు మూతపడ్డాక, మా గనుల ఊరు కోరమండల్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ సర్వర్ చూసుకునేదాన్ని. దాని లాగ్‌లో, అంటే వాడకం చిట్టాలో, ఎవరో వాడారని తప్ప ఏమీ తెలిసేది కాదు. నాన్న గనిలోకి దిగేముందు తన టోకెన్ బోర్డుకు తగిలించి, పైకొచ్చాక తీసుకునేవాడు. అలాగే నేనూ, ఎవరు తమ పేరుతో కంప్యూటర్ తెరిచినా మూసినా లాగ్‌లో పేరు, గది, లోపలికి, బయటికి అని పడేలా మార్చాను.

మర్నాడే ఒక వరుస కనిపించింది: 'మునిరత్నం, మందుల గది, లోపలికి.' 'బయటికి' లేదు. మందుల గది గుమాస్తా మునిరత్నం చనిపోయి అప్పటికి నెల దాటింది!

ఆ గదికి వెళ్ళి చూశాను. ఖాళీ కుర్చీ ముందు స్క్రీన్ వెలుగుతోంది.

"వాడి పేరుతో నేనే తెరిచి పెట్టినానమ్మా," అన్నాడు అక్కడే పనిచేసే అతని స్నేహితుడు చెంగప్ప. "గనిలో నుంచి పైకి రానోడి టోకెన్ మనం తీస్తామా? వాడి పేరు మూసేదానికి నాకు చేతులు రాలేదు."

దెయ్యం కాదని తెలిసి నవ్వొచ్చింది. ఆ లాగ్ చూపిద్దామని చెంగప్పను నా గదికి తీసుకొచ్చాను. కింద కొత్త వరుస పడి ఉంది: 'మునిరత్నం, మందుల గది, బయటికి.'

చెంగప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "పైకొచ్చేసినాడమ్మా," అన్నాడు.

లాగ్‌లో అన్నీ స్పష్టంగా ఉండాలని పట్టుబట్టింది నేనే. ఆ ఒక్క వరుస ఎలా పడిందో మాత్రం ఇప్పటికీ వెతకలేదు.