మోషే కొలిచిన వేడి

మోషే వేప నీడలో నిలబడి ఒక్క నిమిషం అటూ ఇటూ చూసి, ఇవాళ ఎండ ఎన్ని డిగ్రీలో చెప్పేవాడు. తర్వాత థర్మామీటరు చూస్తే ఒక డిగ్రీ తేడాతో సరిపోయేది. అదేం విద్య కాదు, అలవాటు. రుద్రూరు వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో అతని పనే అది. పొద్దున ఏడు దాటాక ఒకసారి, మధ్యాహ్నం రెండు దాటాక ఒకసారి, చెరుకు మళ్ల మధ్య కంచె వేసిన జాగాకు వెళ్లి, కాళ్ల మీద నిలబెట్టిన చెక్కపెట్టె తలుపు తీసి, లోపలి థర్మామీటర్లలో పాదరసం ఎక్కడుందో చూసి రాయాలి. క్రిస్మస్ నాడు కూడా కొత్త చొక్కాతోనే వెళ్లి చూసి వచ్చేవాడు.

చదివింది ఏడో తరగతి. చెరుకు ముక్కలు నాటే కూలీగా చేరాడు. అంకెలు తప్పు లేకుండా చదువుతున్నాడని ఒక ఆఫీసరు గమనించి ఈ పని ఇప్పించాడు. ఆ ఆఫీసరే బదిలీ మీద పోతూ, వెనక బిగించిన చెక్క పగిలిందని పక్కన పెట్టిన ఒక థర్మామీటరు మోషేకు ఇచ్చి వెళ్లాడు.

నేను అప్పుడు రుద్రూరు హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. మోషేకు ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికి వచ్చేవాడు. అలా మొదలైన పరిచయం మాది.

తొంభై ఏడులో వాళ్ల వాడకు ఇరవై రెండు పక్కా ఇళ్లు మంజూరయ్యాయి. జాగా వేరే లేదు. పాత ఇల్లు కూల్చి అక్కడే కొత్తది కట్టుకోవాలి. మోషేది మట్టిగోడల ఇల్లు, పైన గూనపెంకలు. వానాకాలం రెండుచోట్ల కురిసేది. స్లాబు ఇల్లు వస్తుందంటే ఎవరు వద్దంటారు? వాడంతా ఒకే నెలలో గోడలు పడగొట్టుకుంది. మోషే భార్య కమలమ్మ పెంకలు ఒక్కొక్కటి దించి చెరుకు బండ్లవాళ్లకు ఇచ్చేసింది.

కొత్త ఇల్లు ఒకటే గది, ఒక చిన్న వంట జాగా. ఇటుక గోడ, నెత్తి మీద చేతికి అందేటంత ఎత్తులో స్లాబు, ఒకే కిటికీ. అది కూడా పడమటి దిక్కుకు. చలికాలంలో గృహప్రవేశపు ప్రార్థన పెట్టుకున్నారు. నన్నూ పిలిచారు. మోషే తల్లి లక్ష్మవ్వ అందరికంటే ఎక్కువ సంతోషపడింది. ఆమెకు అంతకు రెండేళ్ల ముందు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మంచం మీద నుంచే కుడిచేత్తో గోడ తడుముతూ, "గోడ సూడు సారు, ఎంత నున్నగున్నదో. బొద్దెంకలు సుత రావు గిందుల" అంది.

మార్చి వచ్చేసరికి ఆ నున్నటి గోడను ఎవరూ ముట్టుకోలేకపోయారు.

మోషే మేకు కొట్టి తన చెక్క పగిలిన థర్మామీటరు తల్లి మంచం పక్కన వేలాడదీశాడు. బయట నీడలో నలభై ఉన్న రోజున లోపల నలభై రెండు. అతన్ని భయపెట్టింది అది కాదు, సాయంత్రం లెక్క. దీపాలు పెట్టే వేళకు బయట ముప్ఫై ఆరుకు దిగితే లోపల ఇంకా నలభై ఒకటి. పగలంతా తాగిన ఎండను స్లాబు సాయంత్రం మంచం మీదికి వదులుతోంది. మిగతావాళ్లు మంచాలు బయట వేసుకునేవారు. లక్ష్మవ్వను ఎత్తి బయట పడుకోబెడితే వడగాలికి నోరు ఎండిపోయి దగ్గు తెర ఆగేది కాదు.

ఒకరోజు మోషే ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. ఇరవై రోజుల లెక్కలు, చక్కగా గీతలు గీసి.

"సూడుండ్రి సార్. చెరుకు మడికి ఎంత ఉడుకపోస్తదో రాసుడే నా నౌకరి. మా అవ్వకు ఎంత ఉడుకపోస్తదో ఎవరికి రాసియ్యాలె?"

నేను చూసి, బాగా రాశావన్నాను. నోటుబుక్కు తిరిగి ఇచ్చేశాను.

ఉపాయం అతనే కనిపెట్టాడు. స్లాబు మీద ఇటుకలు పేర్చి, వాటి మీద వెదురు బొంగులు పరిచి, పైన ఎండిన చెరుకు ఆకు మందంగా కప్పాడు. స్లాబుకూ ఆకుకూ మధ్య మూరెడు ఖాళీ వదిలాడు, గాలి ఆడాలని. ఆకు పైసా పెట్టి కొనేది కాదు, కోత అయిన పొలాల్లో తగలబెట్టేదే. మర్నాడు సాయంత్రం లోపల ముప్ఫై ఏడు. మోషే నా దగ్గరికి సైకిలు మీద వచ్చి ఆ అంకె చెప్పి వెళ్లాడు. కూర్చోనైనా లేదు. ఆ వారమంతా లక్ష్మవ్వ మధ్యాహ్నం పూట నిద్రపోయింది. పక్కింటివాళ్లు కూడా ఆకు తెచ్చుకుంటామని అడగడం మొదలుపెట్టారు.

మే నెల వచ్చింది. బడికి సెలవులు. నేను ఇంటికి తాళం వేసి భార్యాపిల్లలతో మా ఊరు వేల్పూరు వెళ్లిపోయాను. తర్వాత జరిగింది నేను కళ్లతో చూసింది కాదు, కమలమ్మ చెప్పగా విన్నది.

ఒక బుధవారం ఇళ్లు కట్టించే ఆఫీసు నుంచి ఆత్మారాం అనే వర్క్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇళ్లు పూర్తయినట్టు ఫోటోలు పంపితేనే కాలనీకి కరెంటు ఇస్తారు. శుక్రవారం ఫోటోగ్రాఫరును పట్టుకొస్తానన్నాడు. మోషే ఇల్లు చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేందన్నా, స్లాబు ఇల్లు కట్టిస్తే మీద గుడిసె ఏసినవ్?"

మోషే నోటుబుక్కు తెచ్చి చూపించాడు. ఆత్మారాం నిజంగానే ప్రతి పేజీ చూశాడు. చెడ్డవాడు కాదు.

"నువ్వు రాసింది ఖరే. కాని ఫోటోల ఆకు కనవడితే పైనోళ్లు గుడిసె అనే అంటరు. ఒక్క ఇల్లు పూర్తి గాకుంటే మొత్తం లిస్టు ఆగుతది. నా చేతుల ఏం లేదన్నా. ఫోటో దిగినంక మళ్ల ఏసుకో, నేను సూడ."

వాడవాళ్లు చుట్టూ చేరారు. ఏడాదిగా కిరోసిన్ బుడ్లతో ఉన్నారు. ఒక్క ఫ్యాను తిరిగితే చాలని ప్రతి ఇంట్లోనూ ఎదురుచూపు. ఎదురింటి హనోకు, మోషేకు వరసకు తమ్ముడు, మెత్తగానే అన్నాడు.

"రెండొద్దుల ముచ్చటనే గదనే అన్నా. నీ ఒక్కని కోసం అందరి కరెంటు ఆగితే మంచిగుంటదా?"

గురువారం మోషే ఆకంతా దించేశాడు.

శుక్రవారం ఫోటోగ్రాఫరు రాలేదు. బోధన్‌లో పెళ్లి ఉందట. శనివారం పొద్దున వస్తాడన్నారు, రాలేదు. ఆకు మళ్లీ కప్పుదామంటే ఏ గంటకు వస్తాడో తెలియదు. దించడానికే సగం రోజు పడుతుంది. మోషే గోనెసంచులు తడిపి కిటికీకి కట్టాడు. వాడలో ఒకే బోరింగు, దాంట్లో నీళ్లు సన్నగా వస్తున్నాయి. స్లాబు మీద పోసిన బిందెడు నీళ్లు బిందె దించేలోపే ఆరిపోయాయి. చర్చికి తీసుకుపోదామంటే అది రేకుల షెడ్డు, ఇంకా వేడి. శనివారం మధ్యాహ్నం బయట నలభై నాలుగు. సాయంత్రం లోపల నలభై మూడు.

ఆ సాయంత్రం మోషే సైకిలు మీద మా ఇంటికి వచ్చాడట. మేము అద్దెకుండేది పాత పెంకుటిల్లు, ఎత్తు కప్పు, చల్లగా ఉంటుంది. రెండు రోజులు తల్లిని అక్కడ ఉంచుదామనుకున్నాడు. తలుపుకు తాళం ఉంది. అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఈ సంగతి అతను నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి సెలైన్ పెట్టాడు. లక్ష్మవ్వ మాట తడబడుతోంది. "బిడ్డా, ఆకు ఎందుకు తీసినవ్?" అని రెండుసార్లు అడిగింది. మోషే గోనెసంచులు మళ్లీ తడపడానికి లేచాడు. కమలమ్మ, "రేపు ఏస్తడు అత్తా, రేపు ఏస్తడు" అంటూ తడిగుడ్డతో మొహం తుడుస్తూనే ఉంది. సోమవారం మధ్యాహ్నం మోషే పనిమీద చెక్కపెట్టె దగ్గర ఉండగా హనోకు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే అయిపోయింది.

సమాధి చేసిన మర్నాడు ఫోటోగ్రాఫరు వచ్చాడు. ప్రతి యజమానీ ఇంటి ముందు నంబరు రాసిన పలక పట్టుకుని నిలబడాలి. మోషే కూడా నిలబడ్డాడు. ఆత్మారాం దూరంగా, మొహం అటు తిప్పుకుని ఉన్నాడట.

కరెంటు జులైలో వచ్చింది, వానలు పడ్డాక.

నేను సెలవుల నుంచి వచ్చి పలకరించడానికి వెళితే మోషే ఏడవలేదు. కొత్త నోటుబుక్కు కొన్నానన్నాడు. వచ్చే ఎండాకాలం ఇరవై రెండు ఇళ్లూ కొలుస్తాడట. కొలిచాడు కూడా. మార్చి నుంచి మే దాకా ఒక్కో ఇంట్లో నాలుగు రోజులు ఆ పగిలిన థర్మామీటరు వేలాడింది. ఫ్యాన్లు తిరుగుతున్నా పాదరసం దిగలేదు. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతోందంతే. ఆకు మళ్లీ కప్పుదామంటే ఇప్పుడు లైన్‌మన్ ఒప్పుకోలేదు. తీగలు స్లాబుల మీదుగా కిందికి వేలాడుతున్నాయి, ఒక్క నిప్పురవ్వ పడితే వాడంతా పోతుందన్నాడు. అదీ నిజమే.

వేడి దిగని కప్పు ఏదైనా వేయించమని అర్జీ నేనే రాశాను. అంతకు ముందు ఏ అర్జీకీ పెట్టనంత శ్రద్ధ పెట్టాను. ఇద్దరం బస్సెక్కి నిజామాబాద్ వెళ్లాం. ఇళ్లు కట్టించే ఆఫీసులో ఒక ఇంజనీరు ముందు మూడో రోజుకు కూర్చోగలిగాం. ఆయన నోటుబుక్కు తిరగేసి, ఆశ్చర్యపోయి, ఒక ప్రశ్న అడిగాడు.

"కొత్త ఇంట్ల ఇంత ఉందని రాసినవ్, సరే. పాత ఇంట్ల ఎంత ఉండేది? ఆ లెక్క ఏది?"

మోషే దగ్గర ఆ లెక్క లేదు. ఆ ఇంట్లో కొలవాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది? అతని మొహం వాడిపోవడం చూశాను.

"సల్లగ ఉండేది సార్" అన్నాడు చివరికి.

"సల్లగ ఉండేది అని ఫైల్ల రాయలేం గద. డిజైను మాది కాదు, పైనుంచి వస్తది. అన్ని జిల్లాలకు ఒకటే. పెద్దోళ్ల ఇండ్లకు స్లాబు మీద మట్టికుండలు బోర్లిస్తరు, వేడి దిగదు. మీ స్లాబు గంత బరువు మొయ్యది."

బస్సులో తిరిగి వస్తుంటే మోషే అడిగింది ఒక్కటే. "కుండలు ఎంత సైజుయి పెడుతరో అడగకపోతిమి సార్."

ఆ కుండల మాట పనికొచ్చింది, అతనికి కాదు. కాలువ కింద యాభై ఎకరాల చెరుకు పండించే రామకోటేశ్వరరావు మరుసటి ఏడు కొత్త మేడ కడుతున్నాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మోషే లెక్కల సంగతి ఎవరో చెబితే పిలిపించాడు.

"ఏమయ్యా మోషే, ఇంటి వేడి గురించి నీకు తెలిసినంత ఎవరికీ తెలీదంట గదా. మా ఇంటావిడ రత్తమ్మకు ఉబ్బసం. ఎండాకాలం పడలేకపోతోంది. ఏం చేద్దామో చెప్పు."

మోషే చెప్పాడు. కుమ్మరితో చిన్న కుండలు చేయించి, స్లాబు మీద వరసలుగా బోర్లించి, సందుల్లో సున్నపు కాంక్రీటు నింపి, పైన పెంకులు వేయించాడు. పడమటి కిటికీలు మూయించి ఉత్తరానికి తెరిపించాడు. మే నెలలో మధ్యాహ్నం బయట నలభై మూడు ఉన్నప్పుడు రత్తమ్మ గదిలో ముప్ఫై నాలుగు. రామకోటేశ్వరరావు ఊరంతా చెప్పుకున్నాడు. కూలి ఇవ్వబోతే మోషే తీసుకోలేదు. ఆ గదిలో కాసేపు కూర్చుంటానన్నాడట. వాళ్లు కుర్చీ వేస్తే వద్దని, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. రత్తమ్మ మజ్జిగ తెచ్చేసరికి మోకాళ్లలో తల పెట్టుకుని ఉన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. గ్లాసు పక్కన పెట్టి వెళ్లింది.

నాకు రెండువేల మూడులో బదిలీ అయింది. వెళ్లేముందు మార్చిలో ఒక ఆదివారం చెప్పిపోదామని కాలనీకి వెళ్లాను. మోషే హనోకు ఇంటి స్లాబు మీద ఉన్నాడు. పక్కన సున్నం నానబెట్టిన డ్రమ్ము. ఈత పుల్లల చీపురుతో స్లాబుకు తెల్లగా సున్నం కొడుతున్నాడు. మూడేళ్లుగా ప్రతి మార్చిలోనూ ఇరవై రెండు స్లాబులకూ కొడుతున్నాడట. బరువు లేదు, నిప్పు భయం లేదు, ఎవరూ కాదనరు. తొలి వానకు కొట్టుకుపోతుంది.

"ఎంత దిగుతోంది మోషే?" అని కిందినుంచే అడిగాను.

"మూడు డిగ్రీలు సార్."

"మంచిదే కదా."

అతను చీపురు డ్రమ్ములో ముంచి, పైకెత్తి, కారుతున్న సున్నం వైపు చూశాడు.

"సాలది సార్" అన్నాడు. మళ్లీ వంగి కొట్టడం మొదలుపెట్టాడు. ఇంకా పదకొండు స్లాబులు మిగిలి ఉన్నాయి.