రేపల్లె మ్యూజియంలో కుంచం

మెట్రిక్ కొలతలు వచ్చిన కొత్తలో, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా అనంతపురం నుంచి రేపల్లె వెళ్లాను. ఊరి మ్యూజియం ఒకే గది. పాత నాణేలు, తిమింగలం వెన్నుపూస, వాటి పక్కన ధాన్యం కొలిచే ఇత్తడి కుంచం. దాని లోపల తాజా బియ్యప్పొడి కనిపించింది.

“రద్దయిన కొలతను ఇంకా వాడుతున్నారా?” అన్నాను.

“అమ్మకానికి కాదండి, తలంబ్రాలకి,” అన్నాడు కాపలాదారు.

బియ్యం సంచితో అప్పుడే వచ్చిన పెళ్లికూతురి మేనత్త బెదిరిపోయింది. “పట్టుకుపోకండి బాబూ! మా ఇంటి పెళ్లిళ్లన్నిటికీ దీంతోనే కొలిచాం.”

క్రయవిక్రయాలు లేనిచోట చట్టం వర్తించదని చెప్పి, నేనే బియ్యం పోసి, అలవాటుగా స్కేలుతో అంచుకు సమం చేయబోయాను.

“అయ్యో, గీసెయ్యకండి! పెళ్లిబియ్యమండీ, కొట్లో సరుకనుకున్నారా?” అంటూ ఆవిడ స్కేలు లాక్కుంది.

గింజలు అంచు దాటి నేలమీదికి జారేదాకా దోసిళ్లతో పోశాను.