దేవుడి గూట్లో థైరాయిడ్ సీసా

ఆ రోజుల్లో నిద్ర నాకు పిలవకుండానే వచ్చేది. ఇప్పటివాళ్ళు నిద్ర కోసం ఫోనులో వాన చప్పుడు పెట్టుకుంటున్నారు గానీ, నాకు బియ్యం కడుగుతుంటే వచ్చేది, జడ వేసుకుంటుంటే వచ్చేది, మా ఆయన ఆఫీసు కబుర్లు మొదలుపెడితే మరీ తొందరగా వచ్చేది. పెళ్ళయి, విమానమెక్కి, పరదేశంలో ఈ సెంగ్‌కాంగ్‌కి కాపురానికొచ్చిన కొత్త. మా పేటలో చిన్న రైలొకటి ఫ్లాట్ల మధ్యలో గుండ్రంగా తిరిగి, బయల్దేరిన చోటికే వస్తుంది. ఒకరోజు కూరగాయలు కొనుక్కుని అందులో కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి ఎక్కిన స్టేషన్లోనే ఉన్నాను. ఇంకా కదల్లేదు కాబోలనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. (సంచిలో తోటకూర వాడిపోయిందని చూశాక గానీ, ఊరంతా ఎన్ని చుట్లు తిరిగానో అనే అనుమానం రాలేదు.) పైగా అందరూ చెమటలు కక్కే ఊళ్ళో నాకు చలి. స్వెట్టరు వేసుకుని లిఫ్టులో నిలబడితే చీనా ముసలమ్మలు పాపం అన్నట్టు చూసి పక్కకి జరిగేవారు.

కొత్త కాపురం చూద్దామని మా అత్తయ్యగారు వచ్చారు. ఆవిడది గట్టి మడి. ఉల్లిపాయ మా గుమ్మం దాటేది కాదు. మాంసాలు వండి అమ్మే అంగళ్ళ వరస ఉండే హాకర్ సెంటర్ పక్కనుంచి వెళ్ళాలంటే ముక్కు మూసుకునేవారు. వచ్చిన కొద్దిరోజులు నన్ను బాగా గమనించి, ఒక సాయంత్రం తీర్పు చెప్పారు.

"ఒరేయ్, ఈ పిల్ల పనిదొంగ కాదురా. పనిదొంగ పని కనబడితే పడుకుంటుంది. ఇది అన్నం కనబడ్డా పడుకుంటోంది. ఏదో రోగం. డాక్టరుకి చూపించు."

క్లినిక్కులో నెత్తురు పరీక్ష చేసి, గొంతు దగ్గర థైరాయిడనే గ్రంథి మందగించిందన్నారు. (బద్ధకం దానిది, తిట్లు నావి.) ఒక చిన్న తెల్ల మాత్ర ఇచ్చారు. తెల్లారగానే పరగడుపున వేసుకోవాలి, గంటదాకా కాఫీ కూడా తాగకూడదు, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది అన్నారు. అత్తయ్యగారికి వారాలు నచ్చలేదు.

"నేను వెళ్ళేలోగా తేరుకుంటే సరే. లేదా, దీని టికెట్టు కూడా నాతోపాటే తియ్యి. ఆరు నెలలు మన ఊళ్ళో ఉంచుకుని మనిషిని చేసి పంపిస్తా" అన్నారు మా ఆయనతో.

కోపంగా అంటే ఏడ్చి ఆపేదాన్ని. ఆవిడ ప్రేమగా అన్నారు, అదీ చిక్కు. మొగుడితో కాపురమంటే ఏమిటో మెలకువగా ఉండి చూసిందే తక్కువ. ఆ కాస్తా వదిలి ఆరు నెలలు పొమ్మంటే ఎలా?

అప్పుడు వచ్చింది కింది అంతస్తు ఆంటీ. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ, మాటలో కాస్త అరవమూ, చివర ఈ ఊరివాళ్ళు తగిలించే 'లా' కూడా కలుస్తాయి.

"అయ్యో, ఆ కెమికల్ మాత్ర ఎందుకుమా? వేరే దేశంలో మా అక్కకీ ఇదే తొందర. ఆమె న్యాచురల్‌ది తింటుంది లా. రోజుకి రెండు. ఇప్పుడు సూపర్‌గా ఉంది. మొన్న వచ్చినప్పుడు ఒక సీసా మా ఇంట్లో మరిచిపోయింది, తీసుకో."

న్యాచురల్ అనే ముక్క అత్తయ్యగారికి బాగా తెలుసు. టీవీలో షాంపూ చుట్టూ ఆకులు తిరిగేటప్పుడు వినిపించే మాట అది. సీసా మూత తీసి, మట్టిరంగు మాత్ర ఒకటి అరచేతిలో వేసుకుని వాసన చూశారు. "వేరు. అశ్వగంధ కలిసింది" అన్నారు. వాళ్ళ నాన్నగారు మందులు నూరేవారట, కాబట్టి ఇంట్లో ఎవరూ మారుమాట్లాడలేదు. డాక్టరిచ్చిన మాత్రలు బీరువాలోకి పోయాయి. ఈ సీసాకి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో వెంకన్న పటం పక్కన నిలబెట్టారు. ఎలాగూ తెల్లవారుజామున, పరగడుపున, స్నానం చేసి వచ్చేసరికి తీర్థం ఇస్తారు కదా, అందులోనే ఇదీ. నేను తడిజుట్టుతో కుడిచెయ్యి చాపితే, మంత్రం చదివి రెండు మాత్రలూ తులసి తీర్థమూ పోసేవారు. నేను కళ్ళకద్దుకుని మింగేదాన్ని.

కొన్నాళ్ళకి నాకు ప్రాణం లేచివచ్చింది. కిటికీల ఊచలు తోమాను. ఫ్యాన్ల రెక్కలు తుడిచాను. పప్పుల డబ్బాలన్నీ దించి, కడిగి, ఆరబెట్టి, సర్ది, ఆ సర్దుడు నచ్చక మళ్ళీ దించాను. అత్తయ్యగారు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "చూశావురా న్యాచురల్ అంటే" అని మా ఆయనకి చూపించి మురిసిపోయారు. తరవాత నా చేతిలో కాఫీ గ్లాసు దానంతటది గణగణలాడడం మొదలైంది. గుండె చప్పుడు చెవుల్లో వినబడేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే పరుగెత్తాలనిపించేది. ముగ్గురం క్లినిక్కుకి వెళ్ళాం.

చీనా డాక్టరమ్మ సీసాని అటూ ఇటూ తిప్పి, బొట్టు దగ్గర ఆగి, "ఈ ఎర్రది ఏంటి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"బ్లెస్సింగ్" అన్నారు మా ఆయన.

"బ్లెస్సింగ్ ఓకే. టాబ్లెట్ నాట్ ఓకే" అని, ఆవిడ చాలాసేపు చెప్పింది. నాకు అర్థమైంది ఒకటే మాట, పిగ్. ఆ మాట తెలియనంత తక్కువ చదువు కాదు నాది.

"ఏమంటోందిరా?" అన్నారు అత్తయ్యగారు.

"అది... ఆకు కాదటమ్మా."

"నేను చెప్పలా, వేరు."

"వేరు కాదట."

"బెరడా?"

"నాలుగు కాళ్ళున్నదమ్మా."

అత్తయ్యగారు ఆశగా, "ఆవుదా?" అన్నారు.

"పందిది. పంది గొంతులో ఉండే అదే గ్రంథిని ఎండబెట్టి పొడి చేస్తారట. కొన్నిచోట్ల డాక్టర్లు పరీక్షలు చేస్తూ ఇస్తారట గానీ, ఇంకొకరి మోతాదు మనం మింగకూడదట. ఒంట్లో మందు ఎక్కువైందట. పరీక్ష చేసి, ఎప్పుడు మొదలుపెట్టాలో ఆవిడ చెప్పాక మళ్ళీ ఆ తెల్ల మాత్రే వేసుకోవాలట."

ఇంటికొచ్చేదాకా అత్తయ్యగారు నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తియ్యలేదు. రాగానే చీరతోనే తలమీద నీళ్ళు పోసుకున్నారు. గూడంతా కడిగారు. నేను వంటింటి బయట నిలబడి, విమానంలో నాకు కిటికీ పక్క సీటు వస్తుందా రాదా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో మా ఆయన అందుకున్నారు. "పంది! వెంకన్న పక్కన పందా! ఏం ఇల్లు ఇది? గుడికెళ్ళి శుద్ధి చేయించాలి!"

"నువ్వు ఊరుకోరా" అన్నారు అత్తయ్యగారు, జుట్టు పిండుకుంటూ. "మధ్యాహ్నం తంజోంగ్ పగార్‌లో, నీ ఆఫీసు దగ్గర, నీ పళ్ళెంలో ఏముంటోందో నేనెప్పుడన్నా అడిగానా?"

మా ఆయన కూర్చున్నారు. ఆ తరవాత చాలాసేపు న్యూస్ చూశారు. (టీవీ పెట్టలేదు.)

అత్తయ్యగారు దీపం వెలిగించి నావైపు తిరిగారు. "ఏమే, తిరుమల వెళ్తే ముందు ఎవర్ని చూడాలి?"

"వరాహస్వామిని, అత్తయ్యగారూ."

"ఆయన తరవాతే కదా వెంకన్న? మన గూట్లో కూడా ఇన్నాళ్ళూ ఆయనే ముందున్నాడనుకో. పాపం, ఆ మూగజీవి తప్పేముంది? చేతనైన మేలు చేసింది. కొలత తెలియంది మనకి." తరవాత మా ఆయనతో, "టికెట్టు నా ఒక్కదానికే తియ్యి. దీన్ని ఊరికి తీసుకెళ్తే వీధికొకరు న్యాచురల్ ఇస్తారు, ఆపడం నా తరం కాదు. ఇక్కడైతే కోప్పడే డాక్టరమ్మ ఉంది" అన్నారు.

సీసా తిరిగిచ్చేటప్పుడు కింది ఆంటీ, "ఎలామా, పనిచేసిందా?" అని అడిగింది. "బ్రహ్మాండంగా చేసిందమ్మా, మా ఫ్యాన్లు చూడు" అన్నారు అత్తయ్యగారు.

ఊరికి తిరిగెళ్ళిన ఏడాదే ఆవిడ తిరుమలనుంచి చిన్న వరాహస్వామి పటం పంపారు. నా తెల్ల మాత్రలు ఇప్పటికీ దాని పక్కనే ఉంటాయి. "అమ్మా, వై ది మెడిసిన్ మస్ట్ స్టే విత్ గాడ్ లా?" అంటుంది మా అమ్మాయి. కాఫీకి ముందు వేసుకోవాలి కదే అంటాను. అదీ నిజమే.

ఇప్పుడు నెత్తురు పరీక్షలన్నీ సరిగ్గానే వస్తున్నాయి. నిద్రే రావడంలేదు. డాక్టరు వయసు అంటున్నాడు. చీకటితోనే మాత్ర వేసుకుని, కాఫీకి గంట ఆగాలి గనక, కిటికీ దగ్గర కూర్చుంటాను. మొదటి చిన్న రైలు ఖాళీగా దీపాలు వేసుకుని ఫ్లాట్ల మధ్య గుండ్రంగా తిరుగుతుంటుంది. అందులో ఏదో ఒక సీట్లో, స్వెట్టరు వేసుకుని, ఒళ్ళో తోటకూర పెట్టుకుని, నోరు తెరుచుకుని ఒక పిల్ల నిద్రపోతున్నట్టే ఉంటుంది నాకు. లేపాలనిపించదు. ఇంకో చుట్టు తిరగనీ అనుకుంటాను.